నీళ్లలో సీసం ఎంతుందో చేతి మీటరు చెప్పగలదా?

క్లుప్తంగా: నీటిలోని సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను లీటరుకు కొద్ది మైక్రోగ్రాముల స్థాయిలో కొలిచే ఎలక్ట్రోకెమికల్ మీటర్లు ఇప్పుడు సంచిలో పట్టేంత చిన్నవయ్యాయి. మీటర్లు పసిగట్టగలవా లేదా అన్నది ఇక ప్రశ్న కాదు. ఎలక్ట్రోడ్ దాకా చేరిన లోహాన్నే అవి లెక్కపెడతాయి, నీళ్లలో ఉన్న మొత్తం లోహాన్ని కాదు. శాంపిలు తీసిన తీరు, ఆమ్లం, బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం), నీళ్లలోని ఇతర పదార్థాలు కలిసి స్క్రీన్ మీది అంకెను సగానికి తగ్గించగలవు. తెలిసినంత లోహాన్ని కలిపి మళ్లీ కొలిచే చిన్న పని చేస్తే ఈ తేడా బయటపడుతుంది.

అమ్మకందారు చూపించే పరీక్ష వేరు

ఆర్వో ఫిల్టర్లు అమ్మడానికి ఇంటికొచ్చేవాళ్లు సాధారణంగా రెండు పరికరాలు తెస్తారు. ఒకటి పెన్నంత టీడీఎస్ మీటరు. రెండోది కడ్డీలు వేలాడే కరెంటు పెట్టె. కుళాయి నీళ్లు ఒక గ్లాసులో, ఫిల్టరు నీళ్లు ఇంకో గ్లాసులో పోసి ప్లగ్గు పెడతారు. రెండు నిమిషాల్లో కుళాయి నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మడ్డి తేలుతుంది, ఫిల్టరు నీళ్లు తేటగానే ఉంటాయి. ‘చూశారా, మీరు ఇన్నాళ్లూ తాగుతున్న లోహాలు ఇవే’ అంటారు.

ఆ రంగు నీళ్లలోది కాదు, కడ్డీలది. కడ్డీల్లో ఇనుముతో చేసినది కరెంటు పారగానే కరిగి హైడ్రాక్సైడ్ మడ్డిగా మారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు బాగా తక్కువ కాబట్టి కరెంటు దాదాపు పారదు, కడ్డీ కరగదు, రంగు రాదు. అదే ఫిల్టరు నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి ప్లగ్గు పెడితే అవీ ఎర్రబడతాయి.

టీడీఎస్ మీటరు మోసం కాదు గానీ దాని పని వేరు. అది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. టీడీఎస్ 500 మిల్లీగ్రాములున్న నీళ్లలో సీసం పరిమితి మేరకు, అంటే లీటరుకు 10 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. అది మొత్తం లవణాల్లో 50 వేల వంతు. ఆ మీటరులో చివరి అంకె మారాలంటేనే ఒక మిల్లీగ్రాము తేడా రావాలి. కాబట్టి టీడీఎస్ తక్కువ ఉంటే సీసం లేదనీ, ఎక్కువ ఉంటే సీసం ఉందనీ అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

భారలోహాల కోసం నిజంగా తయారైన మీటర్లు కూడా కరెంటుతోనే పనిచేస్తాయి. అందుకే జనం ఈ మూడింటినీ ఒకే గాట కడుతున్నారు. మూడోదాని పద్ధతి పూర్తిగా వేరు.

వెతుకుతున్నది ఎంత తక్కువ

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరు నీటిలో సీసం 10 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 10, కాడ్మియం 3, పాదరసం 1, నికెల్ 20, మొత్తం క్రోమియం 50 మించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సీసానికీ ఆర్సెనిక్‌కూ 10 అనే చెబుతుంది. ఐరోపా సమాఖ్య 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం 2036 నాటికి సీసం పరిమితి అక్కడ 5కు దిగుతుంది.

ఇంత తక్కువ మోతాదును ల్యాబులు గ్రాఫైట్ ఫర్నేస్ ఉన్న అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంతోనో, ఐసీపీ-ఎంఎస్ అనే మరో పెద్ద యంత్రంతోనో కొలుస్తాయి. ఐసీపీ-ఎంఎస్ ఖరీదు కోటి రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. ఆర్గాన్ గ్యాసు నిరంతరం కావాలి, ఏసీ గది కావాలి, శిక్షణ ఉన్న మనిషి కావాలి. అందుకే మండలం నుంచి పంపిన సీసా ఫలితంగా తిరిగి రావడానికి రోజులు పడుతుంది.

గ్రామాల్లో జల్‌జీవన్ మిషన్ కింద ఇచ్చిన ఫీల్డ్ టెస్ట్ కిట్లు ఈ ఖాళీని పూడ్చవు. వాటిలో ప్రధానంగా ఉండేవి రంగు మార్పును చూసే పరీక్షలు: పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్, ఫ్లోరైడ్, ఇనుము, నైట్రేట్, మిగులు క్లోరిన్ వగైరా. సీసం, కాడ్మియం మామూలుగా ఆ జాబితాలో ఉండవు. నల్గొండ నీటి సమస్యగా అందరికీ తెలిసిన ఫ్లోరైడ్‌కు ఎలక్ట్రోడ్ పరీక్ష ఎప్పటినుంచో ఉంది. కానీ అది ఫ్లోరైడ్ అయాన్‌కు మాత్రమే స్పందించే ప్రత్యేక ఎలక్ట్రోడ్. ఆ మీటరుతో లోహాలు తెలియవు, లోహాల మీటరుతో ఫ్లోరైడ్ తెలియదు.

ముందు పోగుచేసి, తర్వాత కరిగించి కొలవడం

ఈ పద్ధతికి మూలం 1922లో చెక్ శాస్త్రవేత్త యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ కనిపెట్టిన పోలరోగ్రఫీ. చుక్కలుగా రాలే పాదరసాన్ని ఎలక్ట్రోడ్‌గా పెట్టి ఆయన ద్రావణాల్లోని లోహాలను గుర్తించారు. దానికి 1959లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే లీటరుకు 10 మైక్రోగ్రాముల సీసం నేరుగా పుట్టించే కరెంటు చాలా చిన్నది, నేపథ్యపు కరెంటులో కలిసిపోతుంది. దాన్ని పైకి తేవడానికి పనిని రెండు దశలుగా విడగొట్టారు. పేరు అనోడిక్ స్ట్రిప్పింగ్ వోల్టమెట్రీ.

మొదటి దశలో ఎలక్ట్రోడ్‌కు బాగా ఋణ వోల్టేజీ ఇస్తారు. సీసానికీ కాడ్మియానికీ మైనస్ 1.2 వోల్టులు మామూలు. నీళ్లను కలుపుతూ రెండు నుంచి ఐదు నిమిషాలు ఉంచితే అయాన్లు ఒక్కొక్కటే ఎలక్ట్రోడ్ దగ్గరకొచ్చి, రెండేసి ఎలక్ట్రాన్లు తీసుకుని లోహంగా అతుక్కుంటాయి. నీళ్లలో పల్చగా ఉన్నది ఒక పలుచటి పొరలో పోగవుతుంది.

రెండో దశలో కలపడం ఆపి, పది సెకన్లు నిలకడగా ఉంచి, వోల్టేజీని మెల్లగా ధన దిశకు జరుపుతారు. ప్రతి లోహం తన వోల్టేజీ రాగానే తిరిగి అయాన్‌గా కరిగిపోతుంది. ఇన్ని నిమిషాలు పోగైన లోహం క్షణాల్లో వదిలిపోతుంది కాబట్టి కరెంటు ఒక్కసారిగా లేచి పడుతుంది. గ్రాఫులో అదే పీక్. బిస్మత్ అనే లోహపు పూత ఉన్న ఎలక్ట్రోడ్ మీద కాడ్మియం పీక్ సుమారు మైనస్ 0.8 వోల్టుల దగ్గర, సీసం పీక్ మైనస్ 0.55 దగ్గర వస్తాయి. పీక్ ఎక్కడ వచ్చిందన్నదాన్ని బట్టి లోహమేదో, ఎంత ఎత్తు లేచిందన్నదాన్ని బట్టి ఆ లోహం ఎంతో తెలుస్తుంది.

ఒక సంగతి మరవకూడదు. మొదటి దశలో నీళ్లలోని లోహమంతా అతుక్కోదు, చాలా కొద్ది భాగమే అతుక్కుంటుంది. ఆ భాగం ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే సమయం, కలిపే వేగం, ఉష్ణోగ్రత ఒకేలా ఉండాలి. బీకరులో చిన్న మోటారుతో కలుపుతూ చేసిన పరీక్షకూ, ఎలక్ట్రోడ్లు అచ్చువేసిన పట్టీ మీద చుక్క వేసి కదలకుండా చేసిన పరీక్షకూ సున్నితత్వంలో చాలా తేడా వస్తుంది. మీటరు కరపత్రంలో రాసిన కొలత పరిమితి ఏ తీరుగా చేస్తే వచ్చిందో అడగాల్సింది అందుకే.

పాదరసం ఈ పనికి అద్భుతంగా సరిపోయేది, లోహాలను తనలో కలుపుకునేది. కానీ నీటి కాలుష్యం వెతకడానికి వెళ్లి బావి గట్టున పాదరసం ఒలకబోయడం ఎవరికీ ఇష్టం ఉండదు. 2000లో జోసెఫ్ వాంగ్ బృందం దాని స్థానంలో బిస్మత్ పొరను వాడవచ్చని చూపించింది. విషగుణం చాలా తక్కువ, పీక్‌లు పదునుగా వస్తాయి. నేటి చేతి మీటర్లు నిలబడింది ఎక్కువగా ఆ మార్పు మీదే.

పెట్టెలో ఏముంటుంది

షుగరు చూసుకునే స్ట్రిప్పు తెలిసినవారికి ఈ పట్టీ కొత్తగా అనిపించదు. ప్లాస్టిక్ ముక్క మీద స్క్రీన్ ప్రింటింగ్‌తో మూడు ఎలక్ట్రోడ్లు అచ్చువేసి ఉంటాయి. పని జరిగేది కార్బన్ ఎలక్ట్రోడ్ మీద. కరెంటును పూర్తిచేసేది రెండోది. వోల్టేజీకి కొలబద్దగా ఉండే మూడోది వెండి, వెండి క్లోరైడ్ సిరాతో అచ్చువేసినది.

పట్టీని నడిపే పరికరం పొటెన్షియోస్టాట్, అంటే వోల్టేజీని అదుపులో పెట్టి కరెంటును కొలిచేది. ఒకప్పుడు బల్ల నిండా ఉండేది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా బృందం చీప్‌స్టాట్ పేరుతో 80 డాలర్ల లోపు భాగాలతో దాన్ని తయారుచేసి డిజైన్‌ను అందరికీ ఇచ్చేసింది. ఇప్పుడు ఎల్‌ఎంపీ91000, ఏడీ5941 లాంటి చిప్పులు ఆ సర్క్యూట్‌లో చాలా భాగాన్ని గోరంత జాగాలో ఇముడ్చుతున్నాయి. పామ్‌సెన్స్, మెట్రోమ్ లాంటి కంపెనీలు తయారు మీటర్లు అమ్ముతున్నాయి. మీటరు ఒక్కసారి ఖర్చు. పట్టీలు మాత్రం ఒక్కోటి వందల రూపాయల్లో ఉండి, పరీక్ష పరీక్షకూ అవుతూనే ఉంటాయి.

ఎలక్ట్రానిక్స్ వైపు వచ్చే తంటాలు తక్కువ, వెతికితే దొరుకుతాయి. చార్జరు పెట్టి కొలిస్తే 50 హెర్ట్జ్ గోల గ్రాఫులోకి దూరుతుంది, బ్యాటరీ మీదే నడపాలి. పట్టీ గుచ్చే చోట తడి చేరితే కరెంటు అడ్డదారిన పారి అర్థంలేని గీతలు వస్తాయి. అసలు చిక్కులన్నీ రసాయనం వైపే ఉన్నాయి.

సీసం, కాడ్మియం పరీక్ష నడిచే తీరు

మొదట ఖాళీ పరీక్ష. అతిశుద్ధ నీరు 9 మిల్లీలీటర్లు, ఒక మోలార్ అసిటేట్ బఫర్ 1 మిల్లీలీటరు కలిపి సెల్‌లో, అంటే కొలత జరిగే చిన్న పాత్రలో పోస్తారు. పీహెచ్ 4.5 ఉండాలి. అందులో బిస్మత్ లీటరుకు 400 మైక్రోగ్రాములు ఉండేలా కలుపుతారు. కొలత మొదలవగానే బిస్మత్, సీసం, కాడ్మియం కలిసే ఎలక్ట్రోడ్ మీద పొరకడతాయి. మైనస్ 1.2 వోల్టుల దగ్గర 120 సెకన్లు పోగుచేసి, వోల్టేజీని చిన్న చిన్న మెట్లుగా, పైకీ కిందికీ ఊపుతూ జరిపే స్క్వేర్ వేవ్ పద్ధతిలో కరిగిస్తారు. 25 హెర్ట్జ్, 25 మిల్లీవోల్టులు, 5 మిల్లీవోల్టుల అంచెలు చాలా మీటర్లలో కనిపించే అమరిక. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను నైట్రోజన్‌తో తరిమే పని ఈ పద్ధతిలో చాలావరకు తప్పుతుంది. బావి దగ్గరికి గ్యాసు సిలిండరు మోయనక్కర్లేదన్నమాట.

ఖాళీ పరీక్షలో సీసం పీక్ కనబడితే అక్కడే ఆగాలి. దుకాణంలో దొరికే బ్యాటరీ నీళ్లు, రంగు వేసిన పిపెట్ మొనలు, దుమ్ము, నాసిరకం ఉప్పుతో చేసిన బఫర్, వీటిలో ఏదో ఒకటి కారణం అయి ఉంటుంది. జింక్ కొలిచేటప్పుడైతే మొదటి అనుమానం రబ్బరు గ్లవ్స్ మీద, తయారీలో వాడిన జింక్ వాటి నుంచి వదులుతుంది.

ఖాళీ పరీక్ష శుభ్రంగా వచ్చాక శుద్ధ నీటి బదులు శాంపిలు 9 మిల్లీలీటర్లు పోసి అదే పని చేస్తారు. ప్రతి కొలత తర్వాత ధన 0.3 వోల్టుల దగ్గర 30 సెకన్లు ఉంచి మిగిలిన బిస్మత్‌ను, లోహాలను కడిగేస్తారు. ఇక్కడిదాకా ఏ మీటరుతోనైనా కరపత్రంలో చెప్పినట్టే జరుగుతుంది. ఫలితాన్ని నమ్మాలా వద్దా అన్నది తేల్చేది తర్వాతి అడుగు. చాలామంది ఎగ్గొట్టేది కూడా దాన్నే.

9.7 చూపినప్పుడు 15.6 ఉండొచ్చు

మీటరు తయారీదారు శుద్ధ నీటిలో సీసం కలిపి, పీక్ ఎత్తుకూ సీసం మోతాదుకూ ఉన్న సంబంధాన్ని ముందే మెమరీలో ఎక్కించి ఉంటాడు. సెల్‌లో లీటరుకు ఒక మైక్రోగ్రాము సీసం ఉంటే 0.4 మైక్రోఆంపియర్ల పీక్ వస్తుందని అందులో రాసి ఉందనుకుందాం. చెరువు కింద ఉన్న ఒక బావి నీళ్లకు 3.5 మైక్రోఆంపియర్లు వచ్చింది. భాగిస్తే 8.75. పది భాగాల్లో ఒక భాగం బఫరే కాబట్టి 10/9తో గుణిస్తే 9.7. పరిమితి 10. స్క్రీన్ మీద ఆకుపచ్చ గుర్తు.

ఇప్పుడు అదే సెల్‌లోకి లీటరుకు 1 మిల్లీగ్రాము సీసం ఉన్న స్టాండర్డ్ ద్రావణం 100 మైక్రోలీటర్లు వేస్తే, సెల్‌లోని సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు పెరుగుతుంది. కంపెనీ లెక్క నిజమైతే పీక్ 4 పెరిగి 7.5కు చేరాలి. వచ్చింది 6.0 మాత్రమే. అంటే ఈ నీళ్లలో 10 మైక్రోగ్రాములకు 2.5 మైక్రోఆంపియర్లే పుడుతోంది, ఒక మైక్రోగ్రాముకు 0.25. ఆ లెక్కన మొదటి 3.5కు అర్థం 14. బఫర్ కలిపినందుకు సవరిస్తే 15.6. ఆకుపచ్చ గుర్తు పడిన నీళ్లు పరిమితికి ఒకటిన్నర రెట్లు దాటి ఉన్నాయి.

ఈ అంకెలు ఉదాహరణ కోసం ఎంచుకున్నవి. కానీ ఈ దిశలో తప్పడం ఉదాహరణ కాదు, రోజూ జరిగేదే. నీళ్లలోని ఆటంకాల్లో ఎక్కువ భాగం పీక్‌ను తగ్గిస్తాయి. మీటరు తప్పితే ఎక్కువగా ‘బాగానే ఉంది’ వైపే తప్పుతుంది. ప్రజారోగ్యం దృష్ట్యా ఇది చెడ్డ దిశ.

తగ్గించేవాటిలో మొదటిది సేంద్రియ పదార్థం. ఆకులు కుళ్లిన చెరువు నీళ్లలో ఉండే హ్యూమిక్ ఆమ్లాలు రెండు పనులు చేస్తాయి: సీసాన్ని పట్టుకుని వదలవు, ఎలక్ట్రోడ్ మీద పొరగా కప్పుకుంటాయి. సబ్బు నీళ్లు కలిసిన చోట డిటర్జెంట్లదీ ఇదే పని. రెండోది రాగి. ఎలక్ట్రోడ్ మీద రాగి పేరుకున్నకొద్దీ బిస్మత్‌కు చోటు తగ్గి సీసం పీక్ కుంగుతుంది. రాత్రంతా రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లను ఈ మీటరుతో కొలిస్తే సీసం తక్కువగా కనబడే అవకాశముంది.

మూడోది పీహెచ్. నిలవ కోసం శాంపిలులో ముందే నత్రికామ్లం వేసి ఉంటే ఆ ఆమ్లం బఫర్‌ను తినేస్తుంది. పైన చెప్పిన కొలతల్లో పీహెచ్ 4.5 నుంచి 4 దగ్గరకు పడిపోవచ్చు. మరీ దిగితే ఎలక్ట్రోడ్ మీద హైడ్రోజన్ బుడగలు కట్టి గ్రాఫు గతుకులవుతుంది. కొలిచే ముందు పీహెచ్ కాగితంతో చూసుకుని, అవసరమైతే కొద్ది సోడియం అసిటేట్ కలపడం అర నిమిషం పని.

క్లోరైడ్ చేసే చిక్కు ఇంకో రకం. పట్టీ మీది వెండి ఎలక్ట్రోడ్ వోల్టేజీ నీళ్లలోని క్లోరైడ్‌ను బట్టి మారుతుంది, క్లోరైడ్ పది రెట్లయితే 59 మిల్లీవోల్టులు. క్లోరైడ్ లీటరుకు 50 మిల్లీగ్రాములున్న మంచినీళ్ల బావికీ, 1000 మిల్లీగ్రాములున్న కోస్తా ఉప్పుబోరుకూ మధ్య పీక్ దాదాపు 77 మిల్లీవోల్టులు జరుగుతుంది. మైనస్ 0.55 చుట్టూ ఇరుకైన కిటికీలోనే సీసం కోసం వెతికే సాఫ్ట్‌వేర్ అప్పుడు ‘లేదు’ అంటుంది. గ్రాఫులో పీక్ నిక్షేపంలా ఉంటుంది, కిటికీ బయట. సెల్‌లో 0.1 మోలార్ ఉండేలా బఫర్‌లోనే పొటాషియం క్లోరైడ్ కలిపి పెట్టుకుంటే ఏ నీళ్లు పోసినా క్లోరైడ్ ఇంచుమించు ఒకేలా ఉండి ఈ జరుగుడు కొద్ది మిల్లీవోల్టులకు తగ్గుతుంది. గ్రాఫు చూపకుండా అంకె మాత్రమే చూపే మీటర్లను కొనకపోవడమే మేలు.

స్టాండర్డ్ కలిపి చూడడం వల్ల ఎలక్ట్రోడ్ మీది ఆటంకాలు చాలావరకు లెక్కలోకి వస్తాయి. పీక్ జరిగినా తెలిసిపోతుంది, ఎందుకంటే కలిపిన సీసం ఏ చోట పెరిగితే అదే సీసం పీక్. శాంపిలుకు 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ‘మూడు నిమిషాల్లో ఫలితం’ అన్న ప్రకటన ఈ అడుగు లేకుండానే రాసింది.

శాంపిలు సీసాలోనే తప్పిపోయే సీసం

స్టాండర్డ్ కలపడం కూడా సరిదిద్దలేనిది ఒకటుంది. రేణువుల్లో ఇరుక్కున్న సీసం, హ్యూమిక్ ఆమ్లం గట్టిగా పట్టేసిన సీసం ఎలక్ట్రోడ్ దాకా రానే రాదు. దాన్ని విడిపించాలంటే ఆమ్లం వేసి ఆగాలి. ఒకటికి ఒకటి నీళ్లు కలిపి పలచన చేసిన నత్రికామ్లం లీటరు శాంపిలుకు సుమారు 3 మిల్లీలీటర్లు వేస్తే చాలా నీళ్లు పీహెచ్ 2 కిందికి దిగుతాయి. కాఠిన్యం, బైకార్బనేట్లు ఎక్కువున్న బోరు నీళ్లకు ఇంకొంచెం కావాలి. ఆ తర్వాత కనీసం 16 గంటలు ఉంచమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతులు చెబుతాయి. బావి గట్టు మీద ఆ క్షణాన కొలిచినది కరిగి ఉన్న సీసమే, మొత్తం సీసం కాదు.

నీళ్లు ఎప్పుడు పట్టారన్నది అంతకన్నా ముఖ్యం. ఇళ్లలో సీసం చాలాసార్లు బావిలోంచి రాదు. ఇత్తడి కుళాయి, పైపుల అతుకుల్లోని పాత టంకం, సీసం స్టెబిలైజరు కలిపి తయారైన పీవీసీ పైపులే ఎక్కువగా కారణం. పీవీసీ పైపుల్లో ఈ స్టెబిలైజరును కట్టడి చేస్తూ కేంద్రం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది, కానీ గోడల్లోకి ముందే వెళ్లిపోయిన పైపులు అక్కడే ఉన్నాయి. ఆరు గంటలపైన కదలకుండా నిలిచిన నీళ్లలో మొదటి లీటరు పడితే పైపు సంగతి తెలుస్తుంది. ఐదు నిమిషాలు వదిలి పడితే బావి సంగతి తెలుస్తుంది. రెండూ పట్టి, సీసాల మీద ఏది ఏదో రాయాలి. 2014లో అమెరికాలోని ఫ్లింట్ నగరం నీటి వనరు మార్చాక పైపుల్లోని సీసం కరిగి ఇళ్లకు చేరిన ఉదంతం తర్వాత, నీళ్లను నిలవబెట్టే ముందు కుళాయి వదిలేయడం, జల్లెడ తీసేయడం, సన్న మూతి సీసాలతో మెల్లగా పట్టడం వద్దని ఈపీఏ 2016లో రాతపూర్వకంగా చెప్పింది. మూడూ సీసాన్ని తక్కువ చూపే పనులే.

ఏలూరు అడిగిన ప్రశ్నకు ఒక పట్టీ చాలదు

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛ, వాంతులతో ఆసుపత్రుల్లో చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్న వార్తతో తెలుగు ఇళ్లలో ‘భారలోహాలు’ అన్న మాట ఒక్కసారిగా మార్మోగింది. తర్వాతి విచారణలో నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు. అలాంటి చోటికి ఒక చేతి మీటరు తీసుకెళితే ఏం తెలిసి ఉండేది?

సీసం సంగతి తెలిసేది. నికెల్ సంగతి తెలిసేది కాదు. బిస్మత్ పట్టీ మీద నికెల్ సక్రమంగా పోగై సక్రమంగా కరగదు. దానికి డైమిథైల్‌గ్లైఆక్సిమ్ అనే పదార్థం కలిపి, అమ్మోనియా బఫర్‌లో పీహెచ్ 9 దగ్గర, ఆ జంటను ఎలక్ట్రోడ్ మీద అంటించి కొలిచే వేరే పద్ధతి ఉంది. బఫర్ వేరు, వోల్టేజీలు వేరు. ఇక పురుగుమందులు ఈ రకం మీటరుకు కనిపించనే కనిపించవు. ‘లోహాలు లేవు’ అన్న ఫలితానికి ‘నీళ్లు మంచివి’ అని అర్థం చెప్పుకోకూడదు. పైగా రక్తంలో దొరికిన లోహం నీళ్ల ద్వారానే వచ్చిందని ముందే అనుకోవడానికీ లేదు.

ఆర్సెనిక్, పాదరసం బిస్మత్ కన్నా ధన వోల్టేజీల దగ్గర కరుగుతాయి, అప్పటికి బిస్మత్ పొరే ఉండదు. వాటికి బంగారు ఎలక్ట్రోడ్ కావాలి. ఆర్సెనిక్‌లో ఇంకో మెలిక ఉంది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది, బంగారం మీద సులువుగా కనబడేది మూడో సంయోజకత రూపమే. ఐదో రూపాన్ని ముందు రసాయనంతో క్షయకరణం చేయాలి, లేకపోతే మొత్తం తక్కువగా వస్తుంది. బెంగాల్, బిహార్ మైదానాల్లో లాగా ఇనుము కూడా ఎక్కువున్న బోరు నీళ్లయితే, గాలి తగిలిన కాసేపటికి నీళ్లు ఎర్రబడి ఆ మడ్డికి ఆర్సెనిక్ అంటుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు కొలిచినవారికి ఆర్సెనిక్ లేదనే తేలుతుంది. పట్టిన వెంటనే ఆమ్లం వేయాల్సింది ఇందుకు. పాదరసం బంగారంలో కలిసిపోయి వదలకుండా తర్వాతి శాంపిలులో తేలుతుంది కాబట్టి ఒక పట్టీ ఒక్కసారికే.

ఆరో సంయోజకత క్రోమియానికైతే ఎలక్ట్రోడ్లతో కుస్తీ పట్టడం కన్నా రంగు పరీక్షే తేలిక. డైఫినైల్ కార్బజైడ్ వేస్తే ఊదా ఎరుపు వస్తుంది. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) విభాగమైన హైదరాబాద్‌లోని ఎన్‌సీసీసీఎం తాగునీటిలో ఈ క్రోమియాన్ని కంటితో గుర్తించే కిట్‌ను తయారుచేసింది.

కొనేవారు, వాడేవారు

నియంత్రణ సంస్థలు ఈ పద్ధతిని ఒప్పుకోవడం కొత్తేమీ కాదు. ఒకసారి వాడి పారేసే పట్టీతో తాగునీటిలో సీసాన్ని కొలిచే పాలిన్‌టెస్ట్ కంపెనీ విధానాన్ని, మెథడ్ 1001 పేరుతో, అమెరికా ఈపీఏ చాలాకాలం కిందటే ఆమోదించింది. ఆమోదం పొందింది శాంపిలు, ఆమ్లం, స్టాండర్డ్ అన్నీ కలిసిన విధానం. మీటరు ఒక్కటే కాదు. మన దగ్గర ఒక పరిశ్రమ మీద చర్య తీసుకోవడానికో, కోర్టులో నిలబడటానికో గుర్తింపు పొందిన ల్యాబు నివేదికే కావాలి.

మరి చేతి మీటరు పని ఏమిటంటే, ల్యాబుకు ఏ సీసాలు పంపాలో తేల్చడం. పటాన్‌చెరు, బొల్లారం లాంటి పారిశ్రామిక వాడల చుట్టూ ఊరికొక సీసా పంపితే ఏ బోరు ఎప్పుడు చెడిందో తెలియదు. నలభై బోర్లను చేతి మీటరుతో చూసి, స్టాండర్డ్ కలిపాక 5 దాటినవన్నీ ల్యాబుకు పంపితే, 10 అంచున ఉన్న బోరు జారిపోదు. 10 దగ్గరే గీత గీస్తే జారిపోతుంది. ఫలితం శూన్యంగా వచ్చిన వాటిలోనూ పదింట ఒకటి పంపి మీటరును సరిచూడాలి.

పంచాయతీలు, మున్సిపాలిటీలు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఇలాంటి మీటరు కొనే ముందు అమ్మేవారికి ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. ల్యాబులో ఇప్పటికే కొలిపించిన తమ సొంత బోరు నీళ్లను రెండు సీసాల్లో పోసి, ఒకదానిలో ల్యాబువాళ్ల చేతే లీటరుకు 10 మైక్రోగ్రాముల సీసం కలిపించాలి. ఏది ఏదో చెప్పకుండా రెండూ ఇవ్వాలి. రెండు ఫలితాల మధ్య తేడా 8కీ 12కీ మధ్య వస్తే మీటరు ఆ నీళ్లకు పనికొస్తుంది. అమ్మేవారు తమ వెంట తెచ్చిన శుద్ధ నీళ్ల మీద చూపించే ప్రదర్శనకు ఏ మీటరైనా నెగ్గుతుంది. ధరల పత్రంలో మీటరు పక్కన ఏడాదికి సరిపడా పట్టీలు, బఫర్, గడువు తేదీ ఉన్న స్టాండర్డ్ ద్రావణం, మైక్రోపిపెట్ కూడా ఉన్నాయో లేదో చూడాలి. చాలా పత్రాల్లో మైక్రోపిపెట్ ఉండదు, అది లేకుండా 100 మైక్రోలీటర్లు ఎవరూ కొలవలేరు.